పక్కింటి కుండలోకి

విదియ. సముద్రం నెమ్మదిగా ఉంది.

ఈ రోజు కూడా మా కుండ మెడ దాకా నిండలేదు. అమ్మ మూత తీసి చూసి, మళ్ళీ పెట్టి, వెనకింటి గోడ వైపు ఒక చూపు చూసింది. ఆ గోడ అవతల బండియ్య బాబాయి తెడ్డుబల్ల మీద కూర్చుని లాగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయన లాగితే పంపు తిరిగి, సముద్రపు నీరు జల్లెడలో ఉప్పు వదిలి, మా కుండలో మంచినీళ్ళుగా పడుతుంది. మా అయ్య లాగితే ముందింటి చిలకమ్మ వదిన కుండలో పడతాయి. గుండ్రంగా కట్టిన తొమ్మిది తెప్పల చుట్టు మాది. ఇక్కడ ఎవరి నీళ్ళు వాళ్ళు లాక్కోరు.

అమ్మ పైకి ఏమీ అనలేదు. అనకూడదు కూడా. నీళ్ళ మాట ఎత్తితే వెనకింటివాణ్ణి దొంగ అన్నట్టే. ఊళ్ళు మునిగిన తొలి రోజుల్లో కుండెడు నీళ్ళ కోసం ఒకే ఇంటిపేరువాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారట. అందుకని పెద్దలు ఈ కట్టు పెట్టారు. వెనకింటి నుంచి వచ్చింది తాగాలి, ముందింటికి పొయ్యాలి, చాలిందా అని అడగకూడదు, చాలలేదని చెప్పకూడదు.

అయ్య మాత్రం హుషారుగా ఉన్నాడు. వానల్లో రొమ్ము జబ్బు చేసి మంచం పట్టిన మనిషి. లేచి బల్ల మీద కూర్చున్న కొత్తల్లో నాలుగు లాగులకే కళ్ళు తేలేసేవాడు. ఇప్పుడు తెల్లారగానే కూర్చుంటాడు, వంతు పూర్తిచేసి, ఇంకా ఊపిరి మిగిలినట్టు నవ్వుతూ లేస్తాడు. "సూసినావేటే నూకాలు, సేతులకి పాత బలం వొచ్చేసింది" అని నా వైపు తిరిగి తన భుజం తట్టి చూపించాడు. గంగమ్మ తల్లికి అమ్మ మొక్కిన మొక్కు ఫలించిందని ఇద్దరికీ నమ్మకం. ఆయన్ని అలా చూస్తుంటే నాకూ సంతోషంగానే ఉంది.

మా ఇంట్లో అక్షరాలు చదవగలిగిన మొదటి మనిషిని నేను. నేల మిగిలిన గట్టు మీద బడిలో ఏ రోజు సంగతి ఆ రోజు, ముందు గాలీ సముద్రమూ ఎలా ఉన్నాయో రాసి, ఆ తర్వాత పని రాయమనేవారు. తెప్పకి తిరిగొచ్చినా ఆ అలవాటు పోలేదు.

చవితి. దక్షిణపు గాలి.

అమ్మ ఎండు మెత్తళ్ళు ఇచ్చి రమ్మంటే చిలకమ్మ వదిన దగ్గరికి వెళ్ళాను. ఆమెకి ఏడో నెల. ఆమె భర్త మాసేను మా పెదనాన్న కొడుకు. మునిగిన పట్నంలో ఇనుము ఏరే పడవ మీద వెళ్ళాడు, గాలి మారేదాకా రాడు. ఇంట్లో వదినా, ఆమె అత్తగారు పైడి పెద్దమ్మా ఉన్నారు. వాళ్ళ బల్ల పెద్దమ్మే లాగుతుంది.

వదిన గోడకి చేరబడి కూర్చుని ఉంది. పెదాలు పొలుసులు లేచాయి. వైద్యుల పడవ కిందటిసారి వచ్చినప్పుడు, ఇద్దరి నీళ్ళు తాగాలనీ, ఒంట్లో నీరు తగ్గితే నెలలు నిండకుండానే నొప్పులొస్తాయనీ డాక్టరమ్మ నా ఎదుటే చెప్పింది. ఆ మాట గుర్తొచ్చి నేను ఆమె మొహం వంక చూస్తూ ఉండిపోయాను.

"అలగ సూత్తావేటి. సదువుకున్నదానివి గదా, లోపలున్నది గుంటో గుంటడో సదివి సెప్పు" అంది వదిన.

కడుపు మీద చెయ్యి పెట్టి, అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి వదినా, అర్థం కావడం లేదు అన్నాను. నవ్వింది. నవ్వుతుంటే పెదవి చిట్లి రక్తం వచ్చింది.

పెద్దమ్మ లోటాతో నీళ్ళు తెచ్చింది. అడుగున రెండు గుక్కలున్నాయి. వద్దంటే నీళ్ళ మాట ఎత్తినట్టే అవుతుంది. తాగాను. వచ్చేటప్పుడు వాళ్ళ కుండలోకి చూశాను. చూడకూడదు, అయినా చూశాను. అడుగు కనిపిస్తోంది.

అయ్య వంతు తప్పకుండా లాగుతున్నాడు. నేను రోజూ చూస్తున్నాను. మరి ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయి?

పంచమి. దక్షిణపు గాలే, కొంచెం ఎక్కువ.

ముందు జల్లెడ మీద అనుమానం వచ్చింది. పంపు నెట్టిన ఉప్పునీరు జల్లెడలోంచే పోవాలి, అది మూసుకుపోతే నీళ్ళు తగ్గుతాయి. కానీ జల్లెడ మూసుకుపోతే బల్ల బరువెక్కాలి. మా బల్ల తేలికైంది. అయ్య సంతోషమంతా ఆ తేలికదనం గురించే.

అయ్య వలలు బాగుచేసే చోటికి వెళ్ళాక బల్ల మీద నేను కూర్చున్నాను. పాదాలు పట్టీల్లో పెట్టి, పిడి పట్టుకుని, మోకాళ్ళు చాపుతూ వెనక్కి లాగాను. లాగు మొదట్లో చేతులకి ఏదో ఒకటి తగలాలి. నీళ్ళలో వేసిన తెడ్డుకి తగిలినట్టు బరువు తగలాలి. ఏమీ తగల్లేదు. కీచుమని సన్నగా ఒక అరుపు, పిడి ఖాళీగా రొమ్ముల దాకా వచ్చేసింది, చివర్లో మాత్రం ఒక కుదుపుతో పట్టుకుంది. మళ్ళీ లాగాను. మళ్ళీ అంతే. సగానికి పైగా లాగు పంపు దాకా పోవడమే లేదు.

అమ్మ చేపలు తోముతూ నన్నే చూస్తోంది. ఆమె చూపు మళ్ళించడానికి బల్ల కాలి మీద మిగిలిన పాత ముద్ర చదివి వినిపించాను. ఇంట్లోనే కూర్చుని ఒళ్ళు తగ్గించుకోండి అని ఉంది దాని మీద. పట్నం మునగక ముందు మేడల్లో ఉండేవాళ్ళు ఇలాంటి బల్లల మీద ఊరికే తెడ్డు వేసేవాళ్ళు, నీళ్ళ కోసం కాదు, ఎక్కడికీ వెళ్ళడానికీ కాదు అని చెప్పాను.

"ఒల్లు తగ్గడానికా? ఆల్లకి తిండి అంతెక్కువైపోనాదేటే?" అని అమ్మ చాలాసేపు నమ్మలేదు. తర్వాత, నువ్వు బల్ల దిగు, అయ్య చూస్తే బాగోదు అంది. బల్ల మీద ఎవరు కూర్చుంటే ఇంటికి వాళ్ళ పేరు. మాది దానయ్య ఇల్లు.

షష్ఠి. గాలి పడింది. ఉక్క.

ఈ రోజు బల్ల ముందు చక్రాల మీద మూతలా ఉన్న డొప్ప ఊడదీశాను. అయ్య ఇంట్లో లేని సమయం చూసి చేసినందుకు మనసు బాగాలేదు, కానీ చిలకమ్మ వదిన నిన్నటి నుంచి లేచి తిరగడం లేదని తెలిసింది.

లోపల పిడి తాడు చుట్టుకునే కప్పీ ఉంటుంది. దాని నుంచి పెద్ద చక్రానికి ఒక బెల్టు. ఆ చక్రం తిరిగితే పంపు తిరుగుతుంది. బెల్టు వదులు కాకుండా ఒక చిన్న చక్రం పక్క నుంచి దాన్ని నొక్కి పెడుతుంది. డొప్ప కింద నల్లటి పొడి రాలి పేరుకుని ఉంది.

సుద్దముక్కతో బెల్టు మీదుగా కప్పీ అంచు దాకా ఒకే గీత గీశాను. అమ్మను పిలిచి పెద్ద చక్రం కదలకుండా పట్టుకోమన్నాను. పిడి కొద్దిగా లాగాను. చక్రం కదల్లేదు, దాన్ని పట్టుకున్న బెల్టూ కదల్లేదు. కప్పీ మాత్రం బెల్టు కింద నున్నగా తిరిగిపోయింది. గీత రెండు ముక్కలైంది.

బెల్టు జారుతోంది అన్నాను. బెల్టు లోపలి వైపు వేలితో తుడిచి చూశాను. వేలు పసుప్పచ్చగా, జిడ్డుగా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె వాసన.

కొత్త పడవని నీళ్ళలోకి దింపేటప్పుడు ముందు కొమ్ముకి నూనె రాసి పసుపూ కుంకుమా పెట్టేవాళ్ళం. మా పడవలు పోయాక అదే మర్యాద బల్లకి చేస్తున్నాం, ఏడాదికి ఒక్కసారి, చెక్క మీద. అయ్య మంచం పట్టినప్పుడు అమ్మ అంతకన్నా పెద్ద మొక్కు మొక్కుకుంది. ప్రతి శుక్రవారం బల్ల గుండెకే నూనె పెడతానంది. చక్రం తిరిగే చోటే గుండె కదా. డొప్ప సందులోంచి గరిటెతో లోపలికి పోసింది. పోసిన కొన్నాళ్ళకే అయ్య చేతుల్లో బల్ల తేలికైంది. తల్లి కరుణించిందని ఇంకొంచెం ఎక్కువ పోసింది.

నేను ఏమీ అనకముందే అమ్మకి అర్థమైంది. పెద్ద చక్రం మీంచి చేతులు తీసి కొంగుకి తుడుచుకుంది. నన్ను ఒక్కటే అడిగింది, మీ అయ్యకి బలం రానేలేదా అని. వచ్చి ఉంటుందమ్మా, కొంచెం వచ్చే ఉంటుంది అన్నాను.

పైడి పెద్దమ్మ తాగే నీళ్ళు తగ్గితే ఆమె లాగులో సత్తువ తగ్గుతుంది. ఆమె ముందింటికి తక్కువ పోస్తుంది, వాళ్ళు ఆ ముందింటికి ఇంకా తక్కువ పోస్తారు. అలా చుట్టంతా తిరిగి బండియ్య బాబాయి దాకా వచ్చింది. మేము ఆయన గోడ వైపు చూస్తున్నట్టే తొమ్మిది ఇళ్ళలోనూ ఎవరి వెనకింటి గోడ వైపు వాళ్ళు చూస్తూ ఉండి ఉంటారు. ఇదంతా మా బల్ల దగ్గర మొదలైంది.

అయ్య రాగానే చెప్పాను. గీత చూపించాను. ఆయన గీత వైపు చూడలేదు.

"అంటే నా బలం ఏటి, బెల్టు జారిపోడమా?" అన్నాడు.

మెల్లగా చెప్పడానికి ప్రయత్నించాను. లాగుతున్నది నువ్వేనయ్యా, కానీ అది పంపు దాకా చేరడం లేదు, బెల్టు కడిగి బిగిస్తే చేరుతుంది అన్నాను. బిగిస్తే బరువు ఎంతుంటుంది అని అడిగాడు. వానలకి ముందు ఎంత ఉండేదో అంత అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"ఇందుకేనా గట్టు మీదకి పంపి సదివించినాను. అయ్య సేతుల్లో జీవం నేదని సెప్పడానికా." గొంతు పెంచలేదు. డొప్ప తనే తీసుకుని బిగించేసి, ఎవరూ దీని మీద చెయ్యి వెయ్యొద్దన్నాడు.

సప్తమి. ఉక్క. మబ్బు పట్టింది గాని వాన లేదు.

పొద్దున్న అయ్య ఎప్పటిలా లాగాడు. ఇప్పుడు ఆ కీచుమనే అరుపు నాకు మాత్రమే కాదు, ఆయనకీ వినిపిస్తోందని నాకు తెలుసు. ప్రతి అరుపు దగ్గరా దవడ బిగిస్తున్నాడు. నిన్నటికంటే వేగంగా లాగాడు. వేగం పెంచితే బెల్టు ఇంకా జారుతుంది.

మధ్యాహ్నం పైడి పెద్దమ్మ అరుపులు వినిపించాయి. వదినకి నొప్పులు మొదలయ్యాయి. రేడియోలో వైద్యుల పడవని పిలిచారు. అదృష్టం బాగుండి అది పక్క చుట్టులోనే ఉంది. అందరం ముందింటి తెప్ప మీదకి పరిగెత్తాం, లోపల చోటు చాలక అయ్య రెండు తెప్పల మధ్యనున్న పలక వంతెన మీద నిలబడ్డాడు.

డాక్టరమ్మ సెలైను పెట్టింది. రెండు సీసాలు ఎక్కాక నొప్పులు సర్దుకున్నాయి. అప్పుడు పెద్దమ్మని పట్టుకుని గట్టిగా మందలించింది, ఏమమ్మా, ఈ పిల్లకి నీళ్ళు తాగించడం లేదా, ఒంట్లో చుక్క లేదు అని. ఇలాగే ఉంటే మళ్ళీ నొప్పులొస్తాయనీ, అప్పుడు ఆగవనీ, ఇంత చిన్న బిడ్డని బతికించే పెట్టె పడవలో లేదనీ, గట్టు దాకా తీసుకెళ్ళే లోపల ఏదైనా జరగొచ్చనీ చెప్పింది.

పెద్దమ్మ తల వంచుకుని, తాగిత్తానమ్మా, తాగిత్తాను అంది. మా ఇంటి పేరు ఎత్తలేదు. వంతెన మీద ఉన్న మా అయ్య వైపు కన్నెత్తి చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

అయ్య ఇంటికి వచ్చి బల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. "ఇప్పు" అన్నాడు నాతో.

డొప్ప తీశాను. నొక్కుడు చక్రం మర వదులు చేసి బెల్టు బయటికి తీశాను. అమ్మ కుంకుడుకాయలు కొట్టి, సముద్రపు నీళ్ళలోనే రసం తీసి పళ్ళెంలో తెచ్చి పెట్టింది. నేను అడగలేదు. "తల్లి నూని అడిగిందేటి. నానే పోసినాను" అంది, ఎవరితోనూ కాదన్నట్టు. బెల్టు గాడుల్లో ఇరుక్కున్న జిడ్డంతా పాత పళ్ళ బ్రష్షుతో తోమాను. ఒకసారికి పోలేదు, రసం మార్చి మళ్ళీ తోమాను. ఉప్పు మిగిలితే ఇనుమును తినేస్తుంది, అందుకని చివరగా మా కుండలోంచి అర లోటా మంచినీళ్ళతో కడిగాను. అమ్మ కళ్ళు మూసుకుంది. కప్పీనీ చక్రాన్నీ గుడ్డతో తుడిచాను. బెల్టు లోపలి వైపు రాపిడికి అద్దంలా మెరుస్తోంది, ఇసుక కాగితంతో ఆ మెరుపు పోయేదాకా రుద్దాను. నీడలో ఆరబెట్టాను.

కొత్త బెల్టు కావాలంటే సరుకుల పడవ రావాలి. దీంతోనే నడపాలి. బెల్టు సాగి ఉంది. నొక్కుడు చక్రం మరని దాని గాడి చివరికంటా జరిపి బిగించాను. ఇక ముందుకి జరపడానికి చోటు లేదు. బొటనవేలితో నొక్కితే వేలి మందం దిగాలి, అంతే దిగింది.

మళ్ళీ సుద్దగీత గీసి అయ్యనే చక్రం పట్టుకోమన్నాను. పిడి లాగాను. గీత విరగలేదు.

అష్టమి. ఈశాన్యపు గాలి మొదలైంది.

అయ్య తెల్లారకముందే బల్ల మీద కూర్చున్నాడు. మొదటి లాగుకే ఆయన మొహం మారింది. కీచుమనే అరుపు లేదు. చక్రం గుంయ్‌మని లేచింది, గొట్టంలో నీళ్ళు కదిలిన చప్పుడు నాకు వినిపించింది. రెండోది లాగాడు. మూడోది లాగాడు. మూడో లాగు వానాకాలంలో ఆయన మంచం మీద దగ్గినప్పటి చప్పుడుతో ఆగిపోయింది. పిడి వదల్లేదు. పట్టుకుని అలాగే ముందుకి వాలి ఉండిపోయాడు. అమ్మ దగ్గరికి వెళ్ళబోతే నేను ఆపాను.

కాసేపటికి ఆయనే పట్టీల్లోంచి కాళ్ళు తీసుకున్నాడు. బల్ల ఖాళీ చేసి పక్కకి జరిగాడు. నేను కూర్చున్నాను.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేనూ వంతు పూర్తి చెయ్యలేకపోయాను. మధ్యాహ్నానికే అరచేతులు బొబ్బలెక్కాయి. బడిలో చక్రాల లెక్కలు నేర్చుకున్నాను గాని చక్రాలు తిప్పలేదు. సాయంత్రం నేను దిగాక అమ్మ కూర్చుంది. ఆమె దిగాక అయ్య మళ్ళీ ఎక్కి, రెండు లాగులు లాగి, ఆగి, రెండు లాగాడు.

దశమి. ఈశాన్యపు గాలి, పెద్ద అల.

రెండు రోజులుగా చేతులకి గుడ్డలు చుట్టుకుని లాగుతున్నాను. అమ్మ సగం రోజు లాగుతోంది. వదిన కుండలోకి ముందుకంటే ఎక్కువే పోతోంది. కానీ ఎంత పోతోందో, ఆమెకి ఎంత కావాలో నాకు తెలియదు. అడగకూడదు. పైడి పెద్దమ్మ వాళ్ళ బల్ల లాగుతున్న చప్పుడు వినిపిస్తోంది, బలహీనంగా. అంటే ఆమె తన నీళ్ళు కూడా వదినకే ఇచ్చేస్తోంది. ఇవాళ కాకపోతే రేపు ఆమె పడిపోతుంది.

వెళ్ళి చెప్పేస్తానని అమ్మతో అన్నాను. తప్పు మాది, బెల్టుది, చెప్పేసి క్షమించమంటాను అన్నాను. అమ్మ భయపడింది. చెప్పాల్సింది బల్ల మీద కూర్చున్నవాళ్ళే, మన ఇంటికి ఇప్పుడు బల్ల మీద ఎవరున్నారని చెబుతావు అంది. అయ్య అప్పుడు గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. మా మాటలు విన్నాడు.

ఏకాదశి. అల తగ్గలేదు.

పొద్దున్నే నేను బల్ల మీద ఉన్నాను. అయ్య లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, బయటికి వెళ్ళాడు. పలక వంతెన కిర్రుమనడం వినిపించింది. ఆ వేళకి చుట్టులో అన్ని బల్లలూ నడుస్తుంటాయి. ఆయన వంతెన మధ్యలో ఆగినట్టున్నాడు. తర్వాత ఆయన గొంతు వినిపించింది. ఒకప్పుడు పడవ నుంచి పడవకి కేకేసే గొంతు అది, ఇప్పుడు మధ్యలో చీలుతోంది.

"చిలకా. మా యింటి నీల్లు మీకు సాల్తన్నాయా?"

నా చేతులు ఆగిపోయాయి. వెనక బండియ్య బాబాయి బల్ల ఆగింది. ఆ వెనకది కూడా ఆగింది. చుట్టు మొత్తంలో అల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ మాట ఇంతకు ముందు ఇక్కడ ఎవరూ ఎవరినీ అడగలేదు.

వదిన లోపలి నుంచే, పడుకున్న చోటి నుంచే పలికింది.

"నేదు మావా. సాల్డం నేదు."

అయ్య అన్నీ చెప్పాడు. అందరికీ వినిపించేలా చెప్పాడు. బెల్టు జారిందనీ, అది తన బలమనుకున్నాననీ, తన చేతులు ఇక పనికిరావనీ, ఈ చుట్టులో ఎవరి కుండ తగ్గినా అది దానయ్య ఇంటి పాపమేననీ, వెనకింటి మీద ఎవరూ అనుమానం పెట్టుకోవద్దనీ. అమ్మ పేరు గాని నూనె పేరు గాని ఎత్తలేదు. చెప్పడం అయ్యాక బల్లలు ఒక్కొక్కటే మళ్ళీ నడిచాయి. ఎవరో ఒకరు తిట్టినా నాకు తేలికగా ఉండేది.

ఆయన ఇంట్లోకి వచ్చాడు. మా కుండ దగ్గర వంగాడు. నిన్నటి నీళ్ళు సగానికి ఉన్నాయి, మళ్ళీ పడేదాకా మా ముగ్గురికీ అవే. కుండ ఎత్తి నడుము మీద పెట్టుకున్నాడు. అమ్మ దారి ఇచ్చింది. చిలకమ్మ వదిన ఇంటికని గుమ్మం దాకా వెళ్ళి, రొమ్ము పట్టేసి, గుమ్మం కర్ర పట్టుకుని నిలబడిపోయాడు. కుండలో నీళ్ళు ఊగుతున్నాయి. నేను కాళ్ళు పట్టీల్లోంచి తీయబోయాను.

"నువ్వు లేగకు" అన్నాడు, వెనక్కి చూడకుండానే. "లాగు."

పిడి పట్టుకున్నాను.